ఏడుకూ ఎనిమిదికీ మధ్య గీత

తైపే నగరంలో బాడే రోడ్డు వెనకనున్న పాత కంప్యూటర్ల బజారుకు వెళ్ళి, శ్యే బీషియా ఎక్కడుంటుందని అడిగితే ఎవరూ చెప్పలేరు. బీజగణితం అక్క అని అడిగి చూడండి, లిఫ్టు దగ్గర టీ అమ్మే ఆవిడ సైతం గ్లాసు కడుగుతూనే గడ్డంతో దారి చూపిస్తుంది. మూడో అంతస్తు, చివరి వరస, మందుల బీరువా ఉన్న కొట్టు.

ఆ పేరు పెట్టింది ఎదురు కొట్టు లాయ్. వాళ్ళ భాషలో తరాలు లెక్కపెట్టడాన్నీ, బళ్ళో నేర్పే బీజగణితాన్నీ ఒకే మాటతో అంటారు. పెట్టె మూత తీయగానే ఇది ఎన్నో తరం ప్రాసెసరో చెప్పేసే మనిషికి అంతకన్నా తగిన పేరేముంటుంది? ఇందులో ఎకసెక్కం ఏమిటంటే, బీషియా బడి మానేసింది బీజగణితం దెబ్బకే. వందకు పన్నెండు మార్కులు తెచ్చుకుని, తండ్రికి ముఖం చూపించలేక, పదిహేనో ఏట తావ్‌యువాన్‌లో రేడియోల ఫ్యాక్టరీలో టంకం వేసే పనికి చేరింది. అప్పుడు వదిలించుకున్నాననుకున్న మాటే తనకు నలభై దాటాక పేరై మెడకు చుట్టుకుంది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా బీషియా అని పిలిస్తే, పక్కన ఇంకెవరో ఉన్నారేమోనని చూస్తుంది.

తండ్రి మూలికల మందులు అమ్మేవాడు. ఆయన పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. డెబ్భై రెండు సొరుగులున్న మందుల బీరువా మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. "నాకివ్వండి" అని బీషియా బండి కట్టించుకుని తెచ్చుకుంది. ఎండు అల్లం, తామరగింజలు ఉండే సొరుగుల్లో ఇప్పుడు ప్రాసెసర్లు ఉంటాయి. ఎండాకాలం సొరుగు లాగితే ఇప్పటికీ దాల్చినచెక్క వాసన వస్తుంది.

బీరువాతో పాటు తండ్రి దగ్గర్నించి ఆమెకు ఇంకొకటి వచ్చింది, కొట్టు అంకెలు. పాతకాలం వర్తకులు ధరలు రాసుకునే గీతల అంకెలవి. ఆరు రాయాలంటే పైన పొట్టి నిలువు గీత, దాని కింద ఒక అడ్డగీత. ఏడుకు కింద రెండు అడ్డగీతలు. ఎనిమిదికి మూడు. బజారులో ఇప్పుడు అవి చదవగలిగినవాళ్ళు పట్టుమని నలుగురు లేరు. బీషియా అన్ని చీటీల మీదా ఆ అంకెలే వేస్తుంది. చేయి అలా అలవాటు పడిపోయింది మరి.

కొనడానికి వచ్చే కుర్రకారు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అక్కా, ఐ7 మంచిదా, ఐ5 మంచిదా?"

"ముందు తరం చెప్పు నాయనా, హోదా తర్వాత అడుగుదువుగాని," అంటుంది బీషియా. "ఐ3, ఐ5, ఐ7 అనేవి కుర్చీలు. ఏ కాలంలో వేసిన కుర్చీ అన్నది ముఖ్యం. రెండో తరం ఐ7ని మీ తాత కొన్నాడనుకో, అప్పట్లో రాజే. ఇప్పుడది పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఏడో తరంలో ఐ5 చేసే పని ఎనిమిదో తరంలో ఐ3 చేసి పారేస్తుంది."

"లోపల ఏం మారుతుందక్కా, అంత తేడా రావడానికి?"

"ఏదో మారుతుంది. మారకపోతే కొత్త అంకె ఎందుకు వేస్తారు?"

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అంతకు మించి ఆమెకూ తెలియదు. తెలుసుకోవాలని లోలోపల ఉండేది. కానీ కొట్టు తెరవడం, మూతలు విప్పడం, వేడి లాగడానికి రాసే పేస్టు తుడవడం, చీటీ అంటించడం, ఈ పనుల్లోనే ఇరవై ఏడేళ్ళు గడిచిపోయాయి.

సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున షటరు సగం ఎత్తిందో లేదో, ఒకాయన వచ్చి నిలబడ్డాడు. చంకలో దుప్పట్లో చుట్టిన కంప్యూటరు, చేతిలో ఒక సీసా. షిన్‌జూ కొండల మీద ముప్పై ఎనిమిది మంది పిల్లలున్న బడిలో పంతులు, పేరు పెంగ్. జూన్‌లో వచ్చి పన్నెండు పాత కంప్యూటర్లు కొనుక్కెళ్ళిన మనిషే.

"అక్కయ్యగారూ, ఇది మా ఇంట్లో పెట్టిన కొండనారింజ పచ్చడి," అని సీసా బల్ల మీద పెట్టాడు. తర్వాత దుప్పటి విప్పాడు. "ఇది మీరు అమ్మిన కంప్యూటరు. పచ్చడి మాత్రం బాగుంటుంది."

"అంటే కంప్యూటరు బాగాలేదనేగా మీ అర్థం?"

"పాత విండోస్‌కు వచ్చే నెలతో కాలం చెల్లిపోతోంది కదా. కొత్తది ఎక్కించబోయాను. పన్నెండులో ఏడింటిలో ఎక్కింది. మిగతా ఐదింటిలో ఎక్కనంది. ఎనిమిదో తరం ఉంటేనే రానిస్తానంటోంది. మీరు పన్నెండూ ఎనిమిదే అన్నారు."

"ఎనిమిదే ఇచ్చాను!"

ఎదురు కొట్లోంచి లాయ్ గొంతు లేచింది. ఆయనకు అరవై ఆరేళ్ళు, నోరు మాత్రం పదహారేళ్ళది. "పంతులుగారూ, మీరు మాట్లాడేది బీజగణితం అక్కతో! తాతకు దగ్గులు నేర్పుతున్నారా?"

బీషియా స్క్రూలు విప్పింది. పైనున్న ఫ్యాను తీసి, ప్రాసెసర్ మూత మీది పేస్టును గుడ్డతో తుడిచింది. మూత మీద అక్షరాలు తేలాయి. ఐ5-7500. మళ్ళీ తుడిచింది. తుడిస్తే అంకె మారుతుందా? ఏడు ఏడులాగే ఉంది.

"ఇది పాపం అనుకోండి, పొరపాటు అనుకోండి," అన్నాడు పెంగ్, గొంతు తగ్గించి. "ఆ కంప్యూటర్లకు డబ్బు పోగుచేసింది నేను. పాత విద్యార్థుల ఇళ్ళ చుట్టూ తిరిగి అడిగాను. ఎనిమిదో తరం తెస్తానని చెప్పి ఏడు పట్టుకొచ్చాడు, మిగిలింది నొక్కేశాడు అంటున్నారు మా ఊళ్ళో. మొహం మీద ఎవరూ అనరు. నేను వస్తే మాటలు ఆపేస్తారు. అంతకన్నా మొహం మీద అనడమే నయం. అందుకే నిన్న మీ బజారు సంఘానికి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. కోపంలో చేశాను. వెనక్కి మాత్రం తీసుకోను."

బీషియాకు అర్థమైంది. శుక్రవారం సంఘం కూర్చుంటుంది. మోసమని తేలితే లిఫ్టు పక్కనున్న బోర్డు మీద ముప్పై రోజులు పేరు వేలాడదీస్తారు. ఇదివరకు ముగ్గురి పేర్లు ఆ బోర్డు ఎక్కాయి. ఆర్నెల్లు తిరక్కుండా ముగ్గురూ కొట్లు ఎత్తేశారు. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ కొట్టే ఇల్లు, ఆ వరసే చుట్టాలు.

"ఎక్కించకముందు మీరు పెట్టెలో ఏముందో చూసుకోలేదా?" అని అడిగింది, అడగాలి కనక.

"ఖాళీ డిస్కులతో ఇమ్మన్నది నేనే. మీరు ఎనిమిదన్నాక మళ్ళీ చూడటమెందుకు?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పంతుల్ని పదిగంటలకల్లా కింది అంతస్తులో అన్నమూ మాంసమూ దొరికే హోటల్లో కూర్చోబెట్టి వచ్చి, ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పింది. వెనకవైపు తను అంటించిన చీటీ ఇంకా ఉంది. నిలువు గీత, కింద మూడు అడ్డగీతలు. ఎనిమిది. తన చేతిరాతే.

ఇదేం విచిత్రం! ఆమె పద్ధతి ఏనాడూ మారలేదు. ఆఫీసుల నుంచి పాత పెట్టెలు గుంపుగా వస్తాయి. వచ్చిన రోజే ఒక్కోటీ విప్పి, మూత మీద అంకె చూసి, కొత్త పేస్టు రాసి, మూసి, చీటీ అంటిస్తుంది. అమ్మేటప్పుడు చీటీ చూసి అమ్ముతుంది. కళ్ళతో ఏడు చూసి చేత్తో ఎనిమిది రాసిందా? యాభై తొమ్మిదేళ్ళకే మతి తప్పిందా?

భూతద్దం తెచ్చి చీటీ మీద పెట్టింది. పై రెండు గీతలూ నల్లగా, దళసరిగా, కొన దగ్గర కాస్త పైకి లేచి ఉన్నాయి. మూడోది సన్నగా, నీలంగా, చీటీ ఆ అంచు నుంచి ఈ అంచు దాకా సాఫీగా సాగిపోయింది. అది ఆమె గీసింది కాదు. కాగితంతో పాటు అచ్చైన గీత.

అప్పుడు గుర్తొచ్చింది. మార్చిలో స్టేషనరీ కొట్టువాడు తెల్ల చీటీలు అయిపోయాయంటే, గీతల చీటీల కట్ట తెచ్చుకుంది. చీటీకి గీతలున్నాయో లేవో ఎవరు చూస్తారులే అనుకుంది. ఎనిమిది రాసినప్పుడు మూడో గీత ఆ అచ్చు గీత మీదే పడింది, ఏడు రాసినప్పుడు అచ్చు గీతే మూడోదైంది. మార్చిలో తను రాసిన ఏడును, మూడు నెలల తర్వాత తనే ఎనిమిది అని చదువుకుంది.

"లాయన్నా! ఇటు రా!" అని కేకేసింది.

లాయ్ భూతద్దంలోంచి చూసి ముందు పడీ పడీ నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపేశాడు. "బీజగణితం, ఇది నిజమే. కానీ శుక్రవారం ఇది చెప్పావా, చచ్చావే. సంఘంలో ఒక్కడికైనా ఈ అంకెలు వచ్చా? ఎవరికీ అర్థంకాని రాత రాసి జనాన్ని ముంచుతోంది అంటారు."

"మరేం చెయ్యమంటావు?"

"నిజమే చెప్పు, ఇంకో నిజం. మా తోడల్లుడు షిన్‌జూలో చిప్పుల ఫ్యాక్టరీలో చేస్తాడుగా. వాడేమంటాడో తెలుసా? ఈ పెద్ద పెట్టెల్లో వచ్చే ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, ఈ ఐదు తరాల్లోనూ లోపల కోర్ ఒకటేనట. అంకె మారింది, సరుకు అదే. లోపల ఒకటే అయినప్పుడు మోసమెక్కడుంది, అని అడిగెయ్. నోళ్ళు మూతబడతాయి."

"ఐదు తరాలూ ఒకటేనా?"

"వాడు తాగి చెప్పలేదే, టీ తాగుతూ చెప్పాడు."

చెప్పొద్దూ, ఆ క్షణంలో ఫిర్యాదు సంగతి బీషియా మనసులో వెనక్కి పోయింది. తాత, తండ్రి, కొడుకు, మనవడు అని ఇన్నాళ్ళూ వరస కలిపి అమ్మినవాళ్ళంతా ఒక తల్లి కన్న అన్నదమ్ములా? అలాగైతే ఎనిమిదో తరం ఐ3 ఏడో తరం ఐ5తో ఎలా సమానమైంది? దురద పుట్టింది ఆమెకు. కిందికి ఫోన్ చేసింది.

"పంతులుగారూ, మీ రైలెప్పుడు?"

"నాలుగింటికి."

"మీరు చెప్పేది లెక్కలేగా? పైకి రండి. నాతో ఒక లెక్క చేద్దురుగాని."

పెంగ్ మూతి తుడుచుకుంటూ వచ్చాడు. బీషియా ముందుగా చీటీ చూపించి, జరిగిందీ, లోపల సరుకు ఒకటేనని లాయ్ అన్న మాటా చెప్పింది. ఆయన నమ్మాడో లేదో మొహం చూస్తే తెలియలేదు. తర్వాత బల్ల మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టింది, ఒకటి ఏడు, ఒకటి ఎనిమిది, రెండూ ఐ5లే. "మీ దగ్గర పెద్ద వీడియో ఏదైనా ఉందా?" అని అడిగింది. ఆయన ఫోన్‌లో బడి పిల్లల డప్పు నాట్యం ఉంది. దాన్ని రెండింటిలోకీ ఎక్కించి, చిన్న సైజుకు కుదించమని ఒకేసారి మీట నొక్కారు.

ఎనిమిదో తరం ఆరు నిమిషాల్లో ముగించింది. ఏడో తరానికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

"ఒకటే సరుకన్నారు?" అన్నాడు పెంగ్.

"ఆగండి. కోర్ అంటే లోపల పని చేసే మనిషి అనుకోండి. ఇప్పుడు ఒక్క మనిషే చేసే పని ఇద్దాం," అని బీషియా ఒక సెట్టింగు మార్చి, రెండిట్లోనూ ఒక్కొక్క కోర్‌నే వాడుకోమంది. ఇద్దరూ స్టూళ్ళు లాక్కుని కూర్చున్నారు. లాయ్ తన కొట్టు వదిలేసి వచ్చి వెనక నిలబడ్డాడు. అటు ఒక కొనుగోలుదారు పిలిస్తే, "ఇక్కడ పరీక్ష జరుగుతోంది, తర్వాత రావయ్యా," అని కసిరాడు. ఈసారి రెండూ ఇంచుమించు ఒకేసారి ముగించాయి. ఎనిమిది ఓ చిటికె ముందు.

పెంగ్ జేబులోంచి పెన్సిల్ తీశాడు. "ఒక్కొక్కడి బలం ఒకటే. తేడా మనుషుల లెక్కలో ఉంది. తొమ్మిది నిమిషాలకు ఆరు నిమిషాలంటే... నలుగురికి ఆరుగురు."

"ఏడులో నాలుగు కోర్లు, ఎనిమిదిలో ఆరు! ఆ అంకెలు నాకు తెలుసు పంతులుగారూ, డబ్బా మీద రాసుంటాయి. ఆ నలుగురూ ఈ ఆరుగురూ ఒకే మనుషులని తెలియదు. ఎనిమిదో తరం ఐ3లోనూ నలుగురే ఉంటారు. అందుకే అది ఏడో తరం ఐ5తో సమానం!"

ఇన్నేళ్ళుగా చిలక పలుకులా చెప్పిన మాట అప్పటికి అర్థమైంది ఆమెకు. చూస్తే తప్ప మనసాగలేదు. మందుల బీరువా కింది వరసలోంచి చచ్చిపోయిన ప్రాసెసర్లు రెండు తీసింది, ఒక ఏడు, ఒక ఎనిమిది. బ్లేడుతో చుట్టూ జిగురు కోసి, ఇనుప మూతలు ఊడదీసింది. లోపల అద్దంలా మెరిసే పలక ఒక్కొక్కటి. రెండింటి వెడల్పూ ఒకటే. ఎనిమిదిది మాత్రం కాస్త పొడుగు. వరస ఇళ్ళ చివర ఇంకో రెండిళ్ళు కట్టినట్టు ఉంది.

"ఇదా!" అన్నారు ముగ్గురూ.

పెంగ్‌కు ఆశ పుట్టింది. "అయితే మా ఐదు పెట్టెల్లో ఈ ఏడు తీసేసి ఎనిమిది దూర్చెయ్యండి, సరిపోతుంది. కింద మెరిసే చుక్కలు కూడా ఒకేలా ఉన్నాయి."

బీషియా దూర్చి చూపించింది. గూట్లో చక్కగా కూర్చుంది. మీట నొక్కితే తెర నల్లగానే ఉండిపోయింది. "కూర్చుంటుంది కానీ పలకదు. ఏడు ఉన్న బోర్డు ఎనిమిదిని తన మనిషనుకోదు. బోర్డులతో సహా మార్చాల్సిందే. ఆ కొత్త విండోస్ సంగతీ అంతే. గుమ్మం దగ్గర కండలు చూడదు, కార్డు మీద అంకె చూస్తుంది."

"మరి లోపల మనిషి ఒకడేగా?"

"ఒకడే."

పెంగ్ దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. నాలుగింటి రైలుకు వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళగానే లాయ్ చేతులు రుద్దుకున్నాడు. "చూశావా? ఇప్పుడు ఫిర్యాదు చేసినవాడే సాక్షి. నెగ్గేశావే బీజగణితం."

గురువారం మధ్యాహ్నం బేరాలు లేని వేళ బీషియా ఆ గీతల చీటీల కట్టను చెత్తబుట్టలో పడెయ్యబోయి, ఎందుకో లెక్కపెట్టింది. వంద చీటీల కట్టలో ముప్పై ఒకటి మిగిలాయి. అమ్మకుండా కొట్లో ఉన్న పెట్టెల మీద పద్నాలుగు. పంతులికి పన్నెండు. అంటే ఇంకో నలభై మూడు పెట్టెలు బయటెక్కడో ఉన్నాయి. వాటిలో ఏవి ఏడు, ఏవి ఎనిమిది? కొన్నవాళ్ళ పేర్లు రాసుకునే అలవాటు ఆ బజారులో ఎవరికీ లేదు. ఒక ముసలాయన చేపల మార్కెట్టుకని తీసుకెళ్ళాడు. ఒక అమ్మాయి చదువు కోసమంది. మిగతావాళ్ళ మొహాలు కూడా గుర్తులేవు. వాళ్ళలో ఇంకో పెంగ్ ఉంటే? ఎక్కడో ఒక ఊళ్ళో ఆ మనిషి రాగానే జనం మాటలు ఆపేస్తుంటే?

"లాయన్నా, నలభై మూడు," అంది.

"ఊరుకోవే. ఏ పుట్టలో ఏ పాముందో నువ్వేం తవ్వుతావు? వచ్చినవాళ్ళకు మార్చి ఇద్దువుగాని. రానివాళ్ళు బాధపడట్లేదనేగా?" అని, ఆమె వైపు చూడకుండా తన కొట్లోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పదకొండింటికి ఐదో అంతస్తులో సంఘం కూర్చుంది. సంఘం పెద్ద జ్వాంగ్ ఒకప్పుడు కెమెరాలు అమ్మేవాడు, తగవులంటే ఆయనకు తలనొప్పి. గోడవారన చూడవచ్చిన కొట్లవాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. పెంగ్ మళ్ళీ కొండ దిగి వచ్చాడు, ఈసారి సీసా లేకుండా.

జ్వాంగ్ ఫిర్యాదు చదివి, "ఏమమ్మా, ఏమంటావు?" అన్నాడు.

బీషియా నోరు తెరిచేలోపే లాయ్ లేచాడు. ఐదు తరాలూ లోపల ఒకటేనని, మంగళవారం పరీక్ష కూడా జరిగిందని, ఫిర్యాదు చేసిన పంతులే పక్కన కూర్చుని చూశాడని గడగడా చెప్పేశాడు.

జ్వాంగ్ మొహం వికసించింది. "పంతులుగారూ, ఈయన చెప్పింది నిజమేనా? లోపల ఒకటేనా?"

పెంగ్ నీళ్ళు నమలలేదు. "నిజమే. ఎనిమిదిలో ఇద్దరు ఎక్కువున్నారు. కానీ కోర్ మాత్రం అదే. నా కళ్ళతో చూశాను." ఆ మాట చెప్తే తన ఫిర్యాదు గాలికి పోతుందని, ఊళ్ళో తన పేరు అలాగే ఉండిపోతుందని ఆయనకు తెలుసు. లెక్కలు చెప్పే మనిషి కదా, వచ్చిన జవాబును దాచడం చేతకాలేదు.

"అయితే ఇందులో మోసమేముంది? ఆ ఐదింటి సంగతి మీరూ మీరూ చూసుకోండి," అని జ్వాంగ్ కాగితం మడవబోయాడు. వెనక ఎవరో, "పద, భోజనానికి టైమైంది," అన్నారు.

"మడవకండి జ్వాంగ్‌గారూ," అంది బీషియా.

లాయ్ ఆమె చొక్కా అంచు పట్టుకుని లాగాడు. ఆమె విడిపించుకుంది.

"లోపల ఏముందని ఆయన నన్ను అడగలేదు. ఎనిమిది కావాలన్నాడు. నేను ఎనిమిది అన్నాను. ఇచ్చింది ఏడు. లోపల ఒకటేనన్న సంగతి నాకు మంగళవారం తెలిసింది, జూన్‌లో తెలియదు. మంగళవారం నేర్చుకున్న దాంతో జూన్ తప్పును కప్పుకుంటే అంతకన్నా సిగ్గుమాలిన పని ఉందా?" ఆమె పెంగ్ వైపు ఒకసారి చూసి మళ్ళీ జ్వాంగ్ వైపు తిరిగింది. "నేను కావాలని చెయ్యలేదు. చీటీ మీది గీతను నా గీత అనుకున్నాను. కానీ ఇలాంటి చీటీలు ఇంకో నలభై మూడు పోయాయి. ఎవరు కొన్నారో తెలియదు. వాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళలేను. వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ బజారుకు వస్తారు, లిఫ్టు ఎక్కుతారు. ఆ పక్కన బోర్డుంది. దాని మీద నా పేరు వెయ్యండి."

"పిచ్చా నీకు?" అన్నాడు జ్వాంగ్. "మోసం చేసినవాళ్ళకమ్మా ఆ బోర్డు!"

"మోసపోయినవాళ్ళు చూసేది కూడా ఆ బోర్డే. మీరు రాయకపోతే నేనే రాసుకుంటాను. కాగితం ఇవ్వండి."

ఎవరో కాగితం అందించారు. బీషియా తెల్ల కాగితం మీద, అందరికీ తెలిసిన అంకెల్లో రాసింది. శ్యే బీషియా అనే నేను మార్చి నుంచి 7ను 8 అని అమ్మాను. షిన్‌జూ కొండ బడి పంతులు పెంగ్‌గారు కొన్నవాటిలో తప్పు నాది, ఆయనది కాదు. నా దగ్గర కొన్నవాళ్ళు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టండి, మీ ఎదురుగానే విప్పుతాను, 7 అయితే 8 ఇస్తాను.

పెంగ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు. "ఇది మా ఊరి టీ కొట్లో అంటిస్తాను అక్కయ్యగారూ," అన్నాడు.

సోమవారం షటరు ఎత్తేసరికి కొట్టు ముందు ఏడుగురు నిలబడి ఉన్నారు, చంకల్లో, చక్రాల సంచుల్లో కంప్యూటర్లు పెట్టుకుని. బీషియా స్టూలు వేసుకుని ఒక్కొక్కటే విప్పింది, తుడిచింది, అంకె పైకి చదివింది. ఎనిమిది. ఎనిమిది. ఏడు. ఏడు వచ్చినవాళ్ళను పక్కన కూర్చోమంది. ఒకావిడ "అంతకన్నా ముందు నువ్వు టీ తాగు తల్లీ," అంది. ఇంకొకాయన మాత్రం ఎనిమిదే వచ్చినా నాలుగు తిట్లు తిట్టి పోయాడు. ఆ తిట్లు బీషియా తలొంచుకుని పడింది.

వరసలో ఆఖరున లాయ్ నిలబడ్డాడు. ఎదురు కొట్టు మనిషి వరసలో నిలబడటమేమిటని ఆమె చూసేసరికి, ఆయన తోపుడు బండి మీది నుంచి మూడు పెట్టెలు దించాడు.

"ఇవెక్కడివి లాయన్నా?"

"ఏప్రిల్‌లో నీ దగ్గర ఒకటీ రెండుగా కొనుక్కెళ్ళినవే, నీకు గుర్తుండదు. నా కొట్లోంచి మళ్ళీ అమ్మేశాను. నిన్నా మొన్నా కొన్నవాళ్ళ చుట్టూ తిరిగి వెనక్కి తెచ్చాను," అన్నాడు లాయ్, ఎప్పటి వెటకారమూ లేకుండా. "ఇవి కాక ఇంకా తొమ్మిది ఉన్నాయి. అవి ఎవరికి అమ్మానో తెలుసు, తెస్తాను."

"నువ్వు... ముప్పై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నావే! ఒక్క మూతైనా తెరిచి చూసుకోలేదా అమ్మేముందు?"

లాయ్ ఆమెను వింత మనిషిని చూసినట్టు చూశాడు. "నీ చీటీ ఉందిగా. నీ చీటీ ఉన్న పెట్టెను నేను ఏనాడు తెరిచాను? ఈ వరసలో ఎవరు తెరుస్తారు?"

బీషియా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. సంఘంలో నిలబడి మాట్లాడినప్పుడు రాని ఏడుపు అప్పుడు ముంచుకొచ్చింది. మోచేత్తో మొహం తుడుచుకుని, మొదటి పెట్టె ముందుకు లాక్కుంది.

"ఇక మీదట తెరిచి చూసుకో లాయన్నా."

"చూడను," అన్నాడు లాయ్. "నువ్వే సరిగ్గా రాయి."